అవ్వ ముద్ద, మా చెంచా

మొన్న మేడ్చల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం పిల్లల బయోమెడికల్ ప్రాజెక్టులకు మార్కులు వేయమని పిలిస్తే వెళ్ళాను. చల్లటి గదిలో వరుసగా బల్లలు, ప్రతి బల్ల మీదా ఒక కంప్యూటరు, దాని ముందు మెడలో కార్డులు వేసుకున్న పిల్లల జట్టు. ఒక జట్టు చేతులు వణికే పెద్దవాళ్ళ కోసం చెంచా తయారుచేసింది. పిడిలో చిన్న మోటారు ఉందట, చెయ్యి ఎటు వణికితే చెంచా దానికి ఎదురు కదిలి కుదురుగా నిలబడుతుందట. ముచ్చటగా చెబుతున్నారు పాపం, కానీ నా మనసు ఎప్పుడో మా అవ్వ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎందుకంటే ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయించడానికి దుకాణాల చుట్టూ తిరిగిన మన రోజుల్లో మేమూ, మోటారు లేదు గానీ, ఇలాంటి చెంచానే చేశాం.

మాది రావల్కోల్. అవ్వంటే మా నాయిన తల్లి. వెడల్పాటి సత్తు గిన్నెలో వేడన్నం, పప్పు, పచ్చిపులుసు కలిపి చుట్టూ మమ్మల్నందరినీ కూర్చోబెట్టుకుని, చాచిన అరచేతుల్లో వరుసగా ముద్దలు పెట్టేది. మొదటి ముద్ద అందరికంటే చిన్నవాళ్ళకు, ఆఖరిది తనకు, అదీ ఆమె లెక్క. విడిగా కంచంలో పెట్టుకుని తింటే ఆ పప్పే ఎందుకు అంత రుచిగా ఉండదో నాకు ఈనాటికీ తెలియదు. ఇంజనీరింగ్‌కి వచ్చాక కూడా కాలేజీ బస్సు దిగగానే నేను వెళ్ళి ఆ గుంపులోనే కూర్చునేదాన్ని, సిగ్గేముంది అందులో.

అలాంటి అవ్వకు చేతులు వణకడం మొదలైంది. జబ్బేమీ కాదని, మా వంశంలోనే ఉన్న వణుకని, ఆ వయసుకు మందులు పడవని డాక్టరు చెప్పేశారు. మా మేనత్త ఇంట్లో జరిగిన దావత్‌లో పక్కన కూర్చున్న చుట్టం ఒకావిడ, ముసలామె పక్కవాళ్ళ మీద మెతుకులు పోస్తోందని నవ్విందట. ఆ రోజు నుంచి అవ్వ మాతో కలిసి కూర్చోవడం మానేసి, వంటింట్లో గోడవైపు తిరిగి ఒక్కతే తినేది. గిన్నె బోర్లించి అటక మీద పెట్టేసింది. నాకు ఏడుపొచ్చేది. చదువుతున్నదేమో మనుషులకు పనికొచ్చే యంత్రాల చదువు, ఇంట్లో మనిషిని మళ్ళీ మా మధ్య కూర్చోబెట్టలేకపోతే ఇంకెందుకని ప్రాజెక్టుకు ఆ సంగతే పట్టుకున్నాను.

జట్టులో ముగ్గురం. గాజులరామారం నుంచి వచ్చే మిత్రుడి తండ్రికి లేత్ షాపు ఉండేది. శామీర్‌పేట స్నేహితురాలి ఇంట్లో కూరగాయల వ్యాపారం. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ మాట్లాడేది. చెయ్యి ఎంత ఊగినా చెంచా గుంట పైకే ఉండేలా రెండు కీళ్ళు పెట్టి, అడుగున బరువు వేలాడదీసి, లేత్ షాపులో చెంచా చేయించాం. సార్లు మెచ్చుకున్నారు. మేమూ కాస్త ఎగిరిపడ్డామనే చెప్పాలి.

అవ్వ ఆ చెంచాతో మా ఎదుట పెరుగన్నం నాలుగు మెతుకులు తిని, శుభ్రంగా కడిగి, క్యాలెండరు పక్కన మేకుకు తగిలించింది. వచ్చినవాళ్ళందరికీ మనవరాలు చేసిందని చూపించేది. తినడం మాత్రం మళ్ళీ గోడవైపు తిరిగే. నేను అలిగి కూర్చుంటే శామీర్‌పేట స్నేహితురాలే వెళ్ళి అవ్వ పక్కన చతికిలబడి, చెంచా మంచిగా లేదా అని అడిగింది.

“మంచిగనే ఉన్నది బిడ్డా. గని నాకు తినుడు పరేషాన్ కాదు, వంగి ఎట్లనో తింట. ముద్ద జేసి ఇయ్యబోతె గీ చేతిలకెల్లి మీ చేతిల పడేదాక నిలుస్తలేదు. చెంచాతోని ముద్దలిస్తరా ఏందే?”

వాళ్ళిద్దరినీ బస్సెక్కించడానికి బస్టాపుకు నడుస్తుంటే స్నేహితురాలు అన్న మాట నాకు గుర్తే: “మనం అవ్వకు ఏం గావాల్నో అడగనే లేదు యార్.” అన్నం అనగానే నోటికి చేరడమే అనుకున్నాం. అందులోనూ ఆ గిన్నె చుట్టూ పెరిగిన నాకే తట్టలేదు చూడండి.

చెంచా వదిలేస్తామంటే ప్రాజెక్టు చూసే మా సార్‌కు చిరాకు వచ్చింది, రాదా మరి. మెచ్చుకున్నదాన్ని విడిచిపెట్టి ఇగ కొత్తది మొదలుపెడతరేంది, జల్దీ తేల్చుకోండ్రి అని గొణిగారు గానీ కాదనలేదు. మణికట్టుకు బరువు కడితే వణుకు కొంత అణుగుతుందని చదివాం. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్ళు వలలకు కట్టే సీసపు గుండ్లను స్నేహితురాలు తెచ్చింది. వాటిని రెగ్జిన్‌లో పెట్టి మూసి, పట్టీలా కుట్టించాం. బరువెక్కువైతే అవ్వ చెయ్యి లాగేది, తక్కువైతే వణుకు ఆగేది కాదు. ఎంత బరువు సరిపోతుందో తేల్చడానికి మాకు దొరికిన కొలత ఏమిటనుకున్నారు? పాత చీర ఒకటి పరిచి, గిన్నెకూ మా అరచేతులకూ మధ్య రాలిన మెతుకులు ఏరి, మర్నాడు ల్యాబు త్రాసులో తూచి, గ్రాఫు గీసేవాళ్ళం. “గీ వయసుల నన్ను బడిల ఏసిన్రు,” అని అవ్వ ఒకటే నవ్వు. ఆమె నవ్వి ఎంత కాలమైందో అప్పుడు గుర్తొచ్చింది.

ఆఖరి పరీక్ష రోజున అవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని, సత్తు గిన్నె బట్టలో మూటగట్టుకుని నాతో బస్సెక్కింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గ్రాఫు చూసి, ఇది దేని కొలత అని అడిగి, మెతుకులు అనగానే కళ్ళద్దాలు సర్దుకున్నారు. ఈలోగా అవ్వ పట్టీ కట్టించుకుని బల్ల మీద గిన్నె విప్పి, పప్పన్నం కలిపి, ముద్ద చేసి, ఆయన వైపు చూసింది. “చెయ్యి చాపు సారూ.”

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, పెన్ను జేబులో పెట్టుకుని, అరచెయ్యి చాచారు. అవ్వ చెయ్యి కొంచెం వణికింది, వణకలేదని అబద్ధం చెప్పను, రెండు మూడు మెతుకులు బల్ల మీద పడ్డాయి కూడా. ముద్ద మాత్రం చేరింది. ఆయన తిన్నారు. తర్వాత మా సార్, ఆ తర్వాత మేం ముగ్గురం. మార్కుల సంగతి ఆ పూట నాకు గుర్తే రాలేదు. ఆ రాత్రి ఇంట్లో గిన్నె అటక మీదికి పోలేదు, అవ్వ పోయేదాకా మళ్ళీ పోలేదు.

మొన్న ఆ పిల్లలకు మంచి మార్కులే వేశాను. ఎవరినైనా అడిగి చేశారా అని మాత్రం మెల్లగా అడిగితే, సర్వే చేశాం మేడమ్ అన్నారు. సంతకం పెడుతుంటే నా అక్షరాలు కాస్త ఊగాయి. వంశం వణుకు కదా, వస్తుందని తెలుసు, వచ్చింది.

ఆదివారం ఎందుకో బీరువాలోంచి ఆ పట్టీ తీసి కట్టుకున్నాను. రెగ్జిన్ పగిలింది గానీ బరువు అలాగే ఉంది. వేడన్నంలో పప్పు, పచ్చిపులుసు కలిపి పిల్లలిద్దరినీ పిలిచాను. నా ముద్ద నిలిచింది, మెతుకు రాలలేదు. అబ్బాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే వచ్చి, బాగా వాసనొస్తోంది మమ్మీ అని గిన్నెలోకి వంగి చూశాడు. అమ్మాయి నవ్వుతూ వచ్చింది, చేతిలో రెండు చెంచాలతో. ఇద్దరూ నిలబడే తిన్నారు, ఇష్టంగానే తిన్నారు, గిన్నె అడుగు దాకా. చెయ్యి చాచమని అవ్వ పరాయి మనిషిని కూడా అడిగింది. నేను నా పిల్లల్ని అడగలేకపోయాను. చేసిన ముద్ద నేనే తిన్నాను.