కోర్టు వరండాలో బెంచీ

టైలరమ్మ ఒకప్పుడు కళ్ళు మూసుకుని కొలతలు తీసేది. అలాంటిది, కొంతకాలంగా టేపు వచ్చినవాళ్ళ చేతికే ఇచ్చి, ఎక్కడ పట్టుకోవాలో దూరం నుంచి చెబుతోంది.

"కొలతలు మేమే తీసుకుని, కుట్టడం కూడా మేమే కుట్టుకోమంటావా ఏంటి?" అని వీధిలో ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. బట్టలు వదులుగా వచ్చేవి. విసుక్కోకుండా విప్పి మళ్ళీ కుట్టేది.

దీనంతటికీ కారణం ఒక అమ్మాయి. తెర వెనక టేపు నడుం చుట్టూ రాగానే గోడకు అతుక్కుపోయి వణికింది. టైలరమ్మ టేపు పక్కన పడేసింది. స్టూలు జరిపి మంచినీళ్ళిచ్చింది. ఆ పిల్ల తన మీద జరిగిన అఘాయిత్యం చెప్పాక, షాపు పై అంతస్తులో ఉన్న మహిళా సంఘానికి తీసుకెళ్ళింది.

"కేసు నేను చూసుకుంటాను. వాయిదా రోజున ఆ వరండాలో అవతలివాళ్ళంతా గుడ్లురుముతుంటే, పిల్ల పక్కన కూర్చునే మనిషే దొరకదు" అంది అక్కడి లాయరమ్మ.

"కూర్చోవడమేగా! పొద్దస్తమానం నేను చేసేది అదే" అంది టైలరమ్మ.

అప్పటి నుంచి ఎవరి కేసైనా పక్కన ఆమే కూర్చునేది. భర్త పోయిన ఆమెకు అక్క తప్ప నా అన్నవాళ్ళు లేరు. ఆదివారం భోజనం ఎప్పుడూ అక్క ఇంట్లోనే.

ఈసారి గిడ్డంగిలో ప్యాకింగ్ పని చేసే పిల్ల సంఘానికి వచ్చింది. తనను చెరపట్టబోయాడని ఆమె చెప్పిన సూపర్‌వైజరు టైలరమ్మ బావ.

టైలరమ్మ దాచలేదు. "అతను మా అక్క మొగుడు. నేను వద్దనిపిస్తే చెప్పమ్మా."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "మీరు కాకపోతే ఇంకెవరొస్తారు ఆంటీ?"

మర్నాడే అక్క షాపుకొచ్చింది.

"ఏమే, లోకంలో పిల్లలందరికీ కాపలా కాశావు, బాగానే ఉంది. ఇప్పుడు నా కొంపకే నిప్పు పెడతావా?"

"పెట్టింది నేను కాదక్కా."

"ఆ పిల్ల అబద్ధమాడుతోంది!"

టైలరమ్మ మిషను ఆపింది. "నీ మనసు కూడా అదే అంటోందా?"

అక్క మాట మార్చింది. "నువ్వేం సాక్షివి కాదుగా. ఉత్తినే కూర్చోవడానికి ఎవరైతేనేం? వెళ్ళావో, నాకు చెల్లెలు లేదనుకుంటా."

ఆ ఆదివారం టైలరమ్మ షాపు తెరిచింది. ఎవరూ రాలేదు. సాయంత్రం దాకా పాత పేలికల మీద కుట్లు వేస్తూ, విప్పుతూ గడిపింది.

వాయిదా రోజున వరండా కిక్కిరిసి ఉంది. బావ మెట్ల దగ్గర తన లాయరుతో మాట్లాడుతున్నాడు. అక్క మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ వచ్చి, కూర్చునే చోటు కోసం అటూ ఇటూ చూసింది. ఆవిడెవరో తెలియని ఆ పిల్ల, పాపం పెద్దావిడ అనుకుని లేవబోయింది.

"నువ్వు కూర్చో" అంది టైలరమ్మ.

"ఆవిడ నిలబడలేకపోతున్నారు ఆంటీ."

"కూర్చోమన్నానా!"

ఆ మాట అక్క చెవిన పడింది. చెల్లెలి వైపు ఒక్క చూపు చూసి, వెళ్ళి గోడకు ఆనుకుంది. టైలరమ్మ కదల్లేదు.

లోపలి నుంచి పిలుపొచ్చింది. ఇద్దరూ లేచారు. తలుపు దగ్గర టైలరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ అయిన బెంచీ మీద అక్క కూలబడింది, మోకాళ్ళు పట్టుకుని, మొహం అటు తిప్పుకుని.