చిల్లుల రాయిని నమ్మించిన డాక్టరు

నా కూతురి కాలి కట్టు మీద ఈగ వాలింది. తోలితే లేచి, మళ్లీ అక్కడే వాలింది. లోపల ఏదో కుళ్లుతోందని ఆ క్షణంలోనే నాకు తెలిసింది. పులివెందుల దారిలో బండి మీంచి పడి విరిగిన కాలు అది. వేరేచోట ఆపరేషన్ జరిగి అప్పటికి నెలే. ఆ కాలిని నిలబెట్టిన ప్రొద్దుటూరు ఎముకల డాక్టరు ఓబులేసు గారు నిన్న మధ్యాహ్నం, రోగిని చూస్తూ చూస్తూ, కుర్చీలోనే కన్నుమూశారు. ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో ఉన్న గరిటె ఇంకా దొరకలేదు.

మొదటిరోజు ఆయన కట్టు విప్పి, వాసన చూసి, నా వైపు తిరిగారు.

"ఏడ్చేదుంటే బయటికి పోయి ఏడువమ్మా. ఈడ పాప నవ్వాల."

"కాలు తీసేయాల్నా సార్?"

"తీసేదానికి నేనెందుకు? కట్టెల మిల్లు లేదా?"

చీము పట్టిన ఎముక తీసేస్తే వేలెడు ఖాళీ మిగిలింది. వారాల తరబడి మందులతో అది శుభ్రపడ్డాక, అందులో అమర్చబోయే తెల్లటి ముక్క నమూనా మాకు చూపించారు. మా మామగారిది జమ్మలమడుగులో నాపరాళ్ల వ్యాపారం. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టారు. మంచి బండ ఖంగుమనాలి. ఇది మోగలేదు.

"సార్, ఇది పుచ్చు రాయి. అంతా చిల్లులే. ఎవురో నీకు అంటగట్టినారు. మా యార్డులో గట్టిది ఉంది, కోసి పంపిస్తా."

"అప్పా, నీ రాయి పెడితే రాయిగానే ఉంటాది. ఈ చిల్లుల్లోకి నెత్తురు పోవాల, దాని ఎనకాలే ఎముక పెరగాల. పెరిగేకొద్దీ ఇది కరిగిపోతాది. మళ్లీ చీము పట్టకుండా మందు కూడా దీంట్లోనే ఉంది."

"కరిగిపోయే సరుకు పెడతాండావా సార్?"

"అందుకే నువ్వు రాళ్లమ్ముతాండావు, నేను కాళ్లు చూస్తాండా."

ఆపరేషన్ రోజున, తలుపు మూస్తుంటే, "ఇంకోసారి కొట్టి చూడు సార్!" అని మామగారు కేకేశారు.

"కొట్టినా! మోగింది!" అని లోపలి నుంచి జవాబొచ్చింది. మామగారు అప్పుడు కూర్చున్నారు.

ఎవరికీ లేనిపోని ఆశ పెట్టేవారు కాదు. "చీము మళ్లీ వస్తే మళ్లీ తీస్తా. రాదని రాసియ్యను" అనేవారు. రాలేదు. ప్రతి ఎక్స్‌రేలోనూ ఆ ఖాళీ కొంచెం కొంచెంగా తెల్లబడింది. చివరిసారి, పాప బయట ఉన్నప్పుడు ఎక్స్‌రే చూసి, "ఎముక కుదిరింది. ఇంగ పాపను పరిగెత్తనీ" అన్నారు.

నేను తలూపాను. మళ్లీ పడి విరుగుతుందేమోనని భయపడి, ఇంటికొచ్చి, డాక్టరు ఇప్పుడే వద్దన్నారని పాపకు చెప్పాను. నాలుగు నెలలుగా అదే మాట. ఆయన ఇంత ధైర్యంగా నిలబెట్టిన కాలిని నేను గడపలో కూర్చోబెట్టాను. అంతటి హస్తవాసి మా సీమకు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో! ఆయనకు నేను బాకీపడ్డది దండం ఒక్కటే కాదు.

ఈ పొద్దున పాపకూ, దాని తమ్ముడికీ డాక్టరు తాత లేరని చెప్పాను. పాప కాలు నిమురుకుంటూ అడిగింది.

"మరి నేను ఎప్పుడు పరిగెత్తాల్నో ఎవురు చెప్తారు మా?"

"నాలుగు నెలల కిందటే చెప్పినాడు తల్లీ. నేనే దాచినా. లెయ్, పోయి తమ్ముణ్ణి పట్టుకో."