నేను రాసిపెట్టిన రాజీనామా

జమ్మికుంటలో పత్తి మిల్లు గుమాస్తాగా చేరకముందు నేను కరీంనగర్‌లో ఒక వకీలు దగ్గర కాగితాలు రాసేవాణ్ని. అది నిజాం కాలం, కోర్టు భాష ఉర్దూ. నా రాత బాగుంటుందని పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని మా ఆవిడ అంటుంది గాని, వకీలు సాబ్ కూడా ఒకసారి అన్నాడు. పొలం గట్టు తగాదా గాని, అన్నదమ్ముల పంపకం గాని, ఇద్దరూ కోర్టు బయటే కలిసిపోతే నన్ను పిలిచేవారు. నేను పైన 'రాజీనామా' అని రాసి కింద నాలుగు ముక్కలు పెడితే, ఇద్దరూ వేలిముద్రలు వేసి, ఒకే అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకుని వెళ్లిపోయేవారు. రాజీనామా అంటే రాజీ కాగితం. ఉద్యోగం వదులుకుంటూ రాసేదాన్ని మేము ఇస్తీఫా అనేవాళ్లం. ఇందులో అనుమానం ఉన్న మనిషిని నాకు ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా నేను చూడలేదు.

తర్వాత రాజ్యం మారింది, రాష్ట్రం మారింది, చివరికి మా మిల్లు మేనేజరు కూడా మారాడు. సేటు బెజవాడ వైపు నుంచి చదువుకున్న ఒకాయన్ని తెచ్చి పెట్టాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, మాటకు ముందు 'ఒరేయ్'. చెడ్డవాడని అనను. పండగకు నాకు కూడా మిఠాయి ఇచ్చాడు. అయితే మిల్లులో అందరి వయసూ తన వయసులో సగమే అన్నట్టు మాట్లాడేవాడు.

బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన్ని మేమంతా బాయిలర్ మామ అనేవాళ్లం. మిల్లు పెట్టిన నాటి నుంచీ ఆయనే. చదువు రాదు. ఎంత ఆవిరి ఉంటే ఎన్ని మిషన్లు తిరుగుతాయో, ఎక్కడ ఆపకపోతే ప్రాణం మీదికి వస్తుందో ఆయనకు తెలుసు. ఆయన ఆపమంటే సేటు కూడా ఆపేవాడు.

ఆ ఏడు పత్తి విపరీతంగా వచ్చింది. యార్డులో బండ్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. మేనేజరు బాయిలర్ దగ్గరికి వచ్చి ఆవిరి ఇంకా పెంచమన్నాడు. మామ వద్దన్నాడు.

"ఒరేయ్, చెప్పింది చెయ్యి. నీ అభిప్రాయం అడగలేదు" అన్నాడు మేనేజరు.

"ఒరేయ్ అనకు. నాకు నీ అంత కొడుకున్నడు" అని మామ చేతిలోని పార కింద పడేసి, బయటికి వచ్చి గోడ నీడలో కూర్చున్నాడు. గంటసేపు మిల్లు ఆగిపోయింది. సేటు వచ్చి ఇద్దరికీ సర్ది చెబితే మళ్లీ నడిచింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు నన్ను పిలిచాడు. "ఆ బాయిలర్ వాడి చేత రాజీనామా రాయించి పట్రా" అన్నాడు.

నాకు సంతోషమేసింది. నిజం చెబుతున్నాను, సంతోషమేసింది. ఈయన పైకి అట్లా ఉంటాడు గాని మనసు మంచిదనుకున్నాను. కొట్లాట అయిన మర్నాడే రాజీ కాగితం అడిగాడంటే పెద్దమనిషి కిందే లెక్క. బాయిలర్ దగ్గరికి వెళ్లి మామతో చెప్పాను.

"గంత దానికి కాగితమెందుకు? నిన్ననే మరిసిపోయిన" అన్నాడు మామ.

"ఉండనీ మామా. కాగితముంటే రేపు మల్ల మాట రాదు."

చాలా రోజుల తర్వాత చేతికి తగిన పని దొరికింది. తెలుగులోనే రాశాను గాని పాత కోర్టు పద్ధతి వదల్లేదు. 'నిన్న జరిగిన తకరారు విషయమై నేను నా రాజీఖుషీతో ఈ రాజీనామా రాసి ఇచ్చాను. ఇకమీదట నాకు మిల్లు మీద ఎట్టి దావా లేదు.' పైన 'రాజీనామా' అని కొంచెం పెద్ద అక్షరాలతో, కింద గీత గీసి మరీ పెట్టాను. మామ వేలిముద్ర వేశాడు. సాక్షి సంతకం నాది.

మేనేజరు చదివి, "బాగా రాశావే" అన్నాడు. ఆ రోజంతా నేను హుషారుగా ఉన్నాను.

తెల్లవారి హాజరు పుస్తకం తెరిస్తే, బాయిలర్ మామ పేరు కొట్టెయ్యమన్నాడు.

"ఎందుకు సార్?"

"రాజీనామా చేశాడుగా."

"చేసిండు. రాజీ అయిండు."

"రాజీనామా అంటే ఉద్యోగం మానుకోవడమయ్యా. చిన్నపిల్లలకు కూడా తెలుసు."

"మా దిక్కు దాన్ని ఇస్తీఫా అంటరు సార్."

"నేను మీ దిక్కు మాట అనలేదు. తెలుగులో అన్నాను. నువ్వు రాసింది కూడా తెలుగులోనే."

ఆ కాగితాన్ని నా ముందే మళ్లీ చదివాడు. తన ఇష్టంతో ఇచ్చాడు, మిల్లు మీద దావా లేదు. నేను రాసిన ప్రతి ముక్కా ఆయన వైపే నిలబడింది. సేటుకు చూపించినా అదే కనిపిస్తుంది. అంత గట్టిగా రాసినందుకు నా చెయ్యి నరుక్కోవాలనిపించింది. నరుక్కోలేదు. ఆ చేత్తోనే మామ పేరు కొట్టేశాను. నాకూ పెళ్లాం పిల్లలున్నారు.

మామకు మాత్రం కోపం మేనేజరు మీదే, నా మీద కాదు. అదే నాకు నచ్చలేదు. నాలుగు తిట్లు తిడితే నా మానాన నేను ఉండేవాణ్ని. ఆయన రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, "మున్షీసాబ్, గా కాగితానికి విరుగుడు కాగితం ఏమన్న ఉంటదా?" అని అడిగేవాడు. పైసల సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. బాయిలర్ ఎట్లా నడుస్తోంది, కొత్తవాడు బూడిద సరిగా తీస్తున్నాడా లేదా, ఇదే ఆయన పరేషాను. మా ఆవిడ లోపలి నుంచి వినేది. నెల గడిచాక ఒకరోజు నాకు అన్నం పెడుతూ, "రాసింది నువ్వు. పోయి చెప్పుడు కూడ నువ్వే చెప్పాలె" అంది.

కరీంనగర్‌లో కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు రాసి మామ వేలిముద్ర వేయించాను. నాలుగో నెలలో ఇరుపక్షాలనూ పిలిచారు. నేను మిల్లుకు సెలవు పెట్టాను. ఎందుకు సెలవని మేనేజరు అడిగితే, "మీరు పొయ్యే కాడికే సార్" అన్నాను. బస్సులో ఆయన ముందు సీట్లో, మేమిద్దరం వెనక సీట్లో.

అధికారి కూడా కోస్తా ఆయనే, కాని నిదానస్తుడు. నేను ఇంటి నుంచి ట్రంకు పెట్టెలోని పాత కాగితాలు మూట కట్టుకుని వెళ్లాను. కోర్టు ముద్రలున్న రాజీనామాలు ఒకటొకటిగా బల్ల మీద పరిచాను. ఇది గట్టు తగాదా. ఇది బావి తగాదా. ఇది అత్తా కోడళ్లది. "సార్, గీళ్లందరు ఉద్యోగాలు మానుకున్నోళ్లేనా? గీ ముసలామెకు ఏం ఉద్యోగమున్నది?" అని అడిగాను. అధికారి నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. అరగంట మాట్లాడాను. నా జన్మలో అంతసేపు నన్ను ఎవరూ మాట్లాడనివ్వలేదు.

తర్వాత వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. చివరికి అధికారి మామ వైపు తిరిగాడు. "నిన్ను తొలగించడం అన్యాయమని మిల్లువారు ఒప్పుకుంటున్నారు. అందుకు పరిహారం. సమ్మతమేనా?"

మామ నా వైపు చూశాడు. నేను అప్పుడు కాగితాలు మూట కట్టుకుంటున్నాను. తప్పు ఒప్పుకున్నారన్న ముక్క దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. తల ఊపాను. మామ, "సమ్మతమే సార్, సల్లగుండు" అన్నాడు. పరిహారమంటే డబ్బిచ్చి పంపేయడమని నాకు తెలుసు. ఆయనకు తెలియకపోవచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు. ఒక్క మాట గురించి అరగంట వాదించి వచ్చినవాణ్ని, పక్కనే ఉన్న ఇంకో మాటను చూడలేదు.

తిరుగు బస్సులో, "గెలిచినం మామా" అన్నాను. హుజూరాబాద్ దాటాక మళ్లీ అన్నాను. దిగేటప్పుడు ఇంకోసారి అన్నాను.

వారం లోపల మామ వచ్చి డబ్బు తీసుకుని వేలిముద్ర వేసి వెళ్లాడు. మర్నాడు పొద్దున నేను మిల్లుకు వెళ్లేసరికి, గేటు బయట సద్ది పట్టుకుని నిలబడి ఉన్నాడు. పని బట్టలు ఉతికి కట్టుకున్నాడు. తలకు నూనె రాసుకున్నాడు.

"గేటు కాడాయన లోపలికి పోనిస్తలేడు మున్షీసాబ్. జర చెప్పు."

"మామా, పైసలు ముట్టినయి గద."

"ముట్టినయి. నాలుగు నెలలు ఊకె కూసోబెట్టిన్రు గద, గందుకిచ్చిన్రు."

"గందుకు కాదు. అవి పరిహారం పైసలు."

"అదే నేననేది. మా చిన్నపిల్ల మూలా నక్షత్రంల పుట్టింది. అయ్యగారు పరిహారం చేసిండు. దోషం పోయింది, పిల్ల ఇంట్లనే ఉన్నది. మిల్లోళ్లు సుత పరిహారం చేసిన్రు. ఇగ నేను పనికి రావొద్దా?"

నాకు ఏడుపొచ్చింది. గేటు మనిషి చూస్తున్నాడని మింగేశాను. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. "మిల్లోళ్ల పరిహారం గట్ల కాదు మామా. పైసలిచ్చి, ఇగ రావొద్దంటున్నరు. నీ జాగల కొత్తోడు ఉంటడు."

మామ సద్దిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు.

"మరి గెలిచినమంటివి?"