పన్నెండు నిండని చెల్లెలు

2023లో నేను నంద్యాలలో ఒక ఆసుపత్రిలో రీసెర్చ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగంలో సూదులు వేయడం తక్కువ, కాగితాలు నింపడం ఎక్కువ. ఆ ఏడు మాకు అప్పగించిన పని, పన్నెండు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో రక్తనాళాల ఆరోగ్యానికి ఒక పొడి పనికొస్తుందో లేదో పరీక్షించడం. తల్లికో తండ్రికో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిన ఇళ్ల పిల్లల్నే తీసుకున్నాం. రోజుకొక ప్యాకెట్, మూడు నెలలు. సగం మందికి అసలు పొడి, మిగతా సగానికి అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్తి పొడి. దాన్ని ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది వెళ్లిందో మాకూ తెలియదు. తెలిస్తే మన చూపు అటు మొగ్గుతుందని ఆ ఏర్పాటు.

పొడి మొదలుపెట్టే ముందొకసారి, ముగిశాక ఒకసారి పిల్లలు ఆసుపత్రికి రావాలి. ముంజేతికి బీపీ పట్టీ బిగించి ఐదు నిమిషాలుంచి వదులుతాం. రక్తం ఒక్కసారిగా దూకినప్పుడు పైన ఉన్న నాళం ఎంత విచ్చుకుందో స్కానింగ్‌లో కొలుస్తాం. ఆ ఐదు నిమిషాలు పిల్లలు కదలకుండా పడుకుంటారు గానీ నేను మాత్రం నిలబడలేను. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఊరికే అనలేదు.

మంగళవారం మంగళవారం బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లేదాన్ని. అక్కడ ఓబులమ్మ అనే రైతు ఇల్లాలు ఉండేది. భర్త నలభై నిండకుండానే పొలంలో కుప్పకూలి పోయాడు. పెద్దకూతురు స్వాతికి పదిహేనేళ్లు. చిన్నది లావణ్యకు పదే కాబట్టి మా లెక్కలోకి రాలేదు.

మొదటిరోజు ఓబులమ్మ కాగితం మీద సంతకం పెట్టడానికి జంకింది.

"మందంటే నాకు బయం సిస్టరమ్మా. ఆయనకూ మందులేస్తిమి. ఏమాయె?"

నా బస్సుకు వేళవుతోంది. "ఇది మందు గాదు ఓబులమ్మా, తినే వస్తువే. రాగిజావ అనుకో" అన్నాను. ఆమె మొహం తేటపడింది, సంతకం పెట్టింది. పొడిని నీళ్లలో కలిపి పరగడుపున తాగాలని, తాగాక గంటసేపు ఏమీ తినకూడదని గబగబా చెప్పి పరుగెత్తాను.

తర్వాత వారాల్లో ఆ ఇంటి శ్రద్ధ చూసి మురిసిపోయాను. నేను వెళ్లినప్పుడల్లా ఓబులమ్మ ఖాళీ ప్యాకెట్లు ఒక్కటి తగ్గకుండా, మడతపెట్టి దారంతో కట్టి ఇచ్చేది. ఇచ్చింది ఇచ్చినట్టు వాడటాన్ని మేం కంప్లయన్స్ అంటాం. ఆ కట్టను మిగతా తల్లులకు చూపించి, ఇలా ఉండాలమ్మా అని నీతులు చెప్పాను.

రెండో నెలలో ఒక మంగళవారం వెళ్లేసరికి బడి ఉన్న రోజే లావణ్య మంచం మీద పడుకొని ఉంది.

"ఏమైంది?"

"బడిలో ప్రేయరప్పుడు కింద పడిపాయెనంట. ఇది రెండోతూరి" అంది ఓబులమ్మ.

అప్పుడే కడగని గిన్నెల పక్కన రెండు స్టీలు గ్లాసులు కనిపించాయి. రెండింటి అడుగునా మా పొడి రంగే.

"ఈ రెండో గ్లాసు ఎవరిది?"

"చిన్నదానిది."

నా గొంతు లేచింది. "స్వాతికి ఒక్కదానికే అని చెప్పినా గదా!"

"చెప్తివి. తినేదే అని గూడా చెప్తివి. తినేది ఒక బిడ్డకు పెట్టి ఇంగో బిడ్డను చూస్తా కూచోమంటావా? సగం సగం పోస్తాండా."

"పన్నెండు నిండినోళ్లకే ఇది ఓబులమ్మా."

"ఇద్దురికీ నాయన ఒకడే గదా! పెద్దదాన్ని కాపాడుకోని చిన్నదాన్ని వదిలేసేదా?"

వీధిలోకి వచ్చి అటూ ఇటూ తిరిగాను. ఈ సంగతి రాస్తే స్వాతి పరీక్షలోంచి పోతుంది, నేను ఊరంతా చూపించిన కట్ట అబద్ధమవుతుంది. రాయకపోతే? అలా ఆలోచించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. పొడి వల్ల బీపీ పడిపోయి ఉంటే ఆ పాపం నాది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు.

బస్సులో లావణ్య తల్లి ఒళ్లో పడుకుంది. నేను పదిసార్లు నాడి పట్టుకొని చూసి ఉంటాను. "చేయి వదులు సిస్టరమ్మా, అది నిద్రపోతాంది" అని ఓబులమ్మ విసుక్కుంది.

నంద్యాలలో బీపీ, ఈసీజీ, రక్తం, అన్నీ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఈ పిల్ల పొద్దున ఏం తిన్నదో అడిగావా?" అన్నారు. అడగలేదు. అంత హడావిడిలోనూ ఆ ఒక్క మాట తోచలేదు.

లావణ్యే చెప్పింది. "ఏమీ తినల్యా. అది తాగినాక గంట తినగూడదని నువ్వే చెప్తివంట. మా బడి బస్సు ఏడింటికే వస్తాది."

స్వాతి బడి ఇంటికి దగ్గర. గంట ఆగి, తిని వెళ్లేది. చిన్నది ఉత్తి కడుపుతో బస్సెక్కేది. నేను పెట్టిన నియమాన్ని ఆ తల్లి నాకంటే నిష్ఠగా పాటించింది.

ఓబులమ్మ తల కొట్టుకుంది. "నా చేతుల్తోనే బిడ్డను పస్తు పంపితినే!"

"తప్పు నీది గాదు, నాది" అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. కాసేపటికి కళ్లు తుడుచుకొని సూటిగా అడిగింది. "ఆ పొడి మంచిదా కాదా, ఆ ఒక్క మాట చెప్పు."

"తెలీదమ్మా. తెలుసుకునేదానికే ఈ పని."

"తెలీకనే రాగిజావంటివా?"

ఇన్నేళ్ల సర్వీసులో ఏ పై అధికారీ నన్ను అంత మాట అనలేదు. అనాల్సిన మాటే. జరిగిందంతా రాసి ఇచ్చాను, స్వాతిని పరీక్షలోంచి తీసేశారు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ప్యాకెట్ల పెట్టె తెరిచే ముందు ఇంట్లో పిల్లలెంతమందో, ఎవరి బడి ఎన్నింటికో అడుగుతాను. ఇది పనికొస్తుందో రాదో నాకు తెలియదని ముందే చెబుతాను. సంతకాలు తగ్గాయి. తగ్గనీ.

మిగిలిన ప్యాకెట్లు తెచ్చుకోవడానికి ఆఖరిసారి ఆళ్లగడ్డ వెళ్లాను. లావణ్య పెట్టె ఎత్తి నా చేతికిస్తూ, "నాకు పన్నెండు నిండినాక చేర్చుకుంటావా?" అని అడిగింది.

"ముందు నువ్వు సంగటి తిను" అని వంటింట్లోంచి తల్లి అరిచింది.

నేను బస్సుకు వేళవుతోందని గుమ్మం దాటబోయాను. ఓబులమ్మ మూడు పళ్లేలు తెచ్చి వరుసగా పెట్టింది. రెండు కూతుళ్లకు, మూడోది నా వైపు జరిపింది.

"కూచో. ఒకరికి పెట్టి ఒకరిని చూస్తా నిలబెట్టేది మా ఇంట్లో లేదు."

పెట్టె కింద పెట్టి కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయింది.