ఎండాకాలం నిద్రపోయే గడ్డ

మా ఇంట్లో మొక్కలు పెంచేది నేను, వెక్కిరించేది మా ఆయన. ఆదోనిలో బంతి, మల్లె, కాగితం పూలు ఎవరైనా పెంచుతారు. నాకు మాత్రం అడవి సైక్లామెన్ అనే పూల మొక్క మీద మోజు పుట్టింది. నర్సరీల్లో అమ్మే లావు పూలది కాదు, మధ్యధరా సముద్రం ఒడ్డున రాళ్ల సందుల్లో దానంతటది మొలిచే చిన్న జాతి. మొక్కల పిచ్చి ఉన్నవాళ్ల ఫోన్ గ్రూపులో పరిచయమైన బెంగళూరు ఆవిడ గింజలు పంపారు. ఆ పూల రేకలు ఎదురుగాలికి గొడుగు తిరగబడ్డట్టు వెనక్కి విచ్చుకుంటాయి. ఫోటోలో చూసిన రోజే మనసు పారేసుకున్నాను.

ఆ గింజలు చీకట్లో, చల్లగా ఉంటేనే మొలుస్తాయి. మా ఊళ్లో చల్లని చోటంటే తాగే నీళ్ల కుండ పక్కనే. చలికాలం మొదట్లో టిఫిన్ డబ్బాలో తడి ఇసుక పోసి, గింజలు నాటి, మూత పెట్టి అక్కడ ఉంచాను. వారాల తరబడి ఉలుకూ పలుకూ లేదు. మా ఆయన వంటింట్లోకి వచ్చినప్పుడల్లా ఊరగాయ ఊరిందా అని అడిగేవాడు. చివరికి ఒక తెల్లటి పోగు కనిపించింది, తర్వాత గోరంత ఆకు. ఆ రోజు ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి టీ ఇచ్చాను. ఎందుకో చెప్తే నవ్వుతారని చెప్పలేదు.

మొలిచినవాటిలో చాలావరకు వానాకాలపు ముసురుకు కుళ్లిపోయాయి. ఒక్కటే మిగిలింది. వంక ఇసుక, ఆకు ఎరువు, పెంకు ముక్కలు కలిపిన మట్టిలో దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాను. శనగగింజంత గడ్డ ఏటేటా కాస్త కాస్త బలిసి నిమ్మకాయంత అయింది. ఆకులు చిట్టి తమలపాకుల్లా ఉంటాయి, వాటి మీద వెండి గీతలు. పత్తి సీజన్లో జిన్నింగు మిల్లుల నుంచి గాలికి కొట్టుకొచ్చే దూది వాటి మీద వాలితే కుంచెతో దులిపేదాన్ని. పువ్వు మాత్రం ఇంకా పూయలేదు. ఈ వేసవి గట్టెక్కితే వచ్చే చలికాలానికి పూస్తుందని బెంగళూరు ఆవిడ ఆశ పెట్టారు.

ఆ గట్టెక్కడమే అసలు తంటా. ఈ మొక్కది తిరకాసు వ్యవహారం. చలికాలమంతా పచ్చగా ఉండి, ఎండలు ముదరగానే ఆకులన్నీ రాల్చేసి, గడ్డ మట్టిలో నిద్రపోతుంది. అప్పుడు నీళ్లు తగిలాయా, మా ఎండలకు లోపలే ఉడికి కుళ్లిపోతుంది. మళ్లీ చల్లబడేదాకా నీడన పెట్టి, పొడిగా వదిలేయాలి.

సరిగ్గా ఆ వేసవిలోనే మా అత్త ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి మగ్గం మీద కూర్చుని మోకాళ్లు పట్టేశాయి, ఇక్కడ డాక్టరుకు చూపిద్దామని మేమే రమ్మన్నాం. నీళ్ల దగ్గర ఆమెది పెద్ద పట్టింపు. మాకు కొళాయి రోజూ రాదు. వచ్చిన రోజు బిందెల్లో మిగిలిన పాత నీళ్లు మొక్కలకు పోసి కొత్తవి పట్టుకోవడం అందరిళ్లలోనూ ఉన్నదే. అత్త అయితే ఒక్క చుక్క మోరీలో పడనివ్వదు. ప్రతి కుండీనీ పలకరించి మరీ పోస్తుంది. వచ్చిన మర్నాడే ఆకుల్లేని నా కుండీ ముందు జగ్గు ఎత్తి నిలబడింది. పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. పాలు పొంగిపోయాయి గానీ కుండీ దక్కింది.

అది చావలేదని, ఎండాకాలమంతా నిద్రపోతుందని, నీళ్లు పోస్తేనే చస్తుందని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నోరులేనిదాన్ని ఎండగట్టడం ఎక్కడి న్యాయమని గొణిగింది. ఆ తర్వాత కొళాయి వచ్చిన ప్రతిసారీ నేను ఆ కుండీకి కాపలా. మాకు పోట్లాట జరిగిందని అనను. కుండీ మాట వచ్చేసరికి మాత్రం ఇద్దరి గొంతులూ కాస్త పైకి లేచేవి.

ఇంతలో కృష్ణగిరిలో మా చెల్లెలికి కాన్పయింది. నెల రోజులైనా నేను దగ్గరుండాలి. కుండీని మా ఆయనకు అప్పజెబుదామంటే ఆయనకు ఏ మొక్క ఏదో తెలియదు. బీరువాలో పెట్టి తాళం వేద్దామా అని కూడా ఆలోచించాను. కానీ అత్త ఇంట్లో ఉండగా ఆమెకు కనబడకుండా ఒక వస్తువు దాచడానికి మనసొప్పలేదు. బయల్దేరే ముందు కుండీని నడవలో గోడవారన పెట్టి, నేను వచ్చేదాకా చుక్క నీళ్లు కూడా పోయొద్దని ఆమె చేయి పట్టుకుని అడిగాను.

"పొయ్యనులే పాపా. సెప్పినావు కదా," అంది. మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

కృష్ణగిరిలో పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తున్నా నా ధ్యాస ఆ గడ్డ మీదే. ఫోన్ చేసినప్పుడల్లా ఎండలెలా ఉన్నాయి, మల్లె పూస్తోందా అని చుట్టూ తిప్పి అడిగేదాన్ని. అత్తకు నా సంగతి తెలియదా! మోకాళ్ల గురించి రెండు మాటలు చెప్పి ఫోన్ పెట్టేసేది.

తిరిగొచ్చిన రోజు చెప్పులు విప్పుతూనే నడవలోకి చూశాను. కుండీని ఆనుకుని చెంబు ఉంది, నిండా నీళ్లు. పోసేసిందన్నమాట అనుకున్నాను. ఏమైనా అనేలోపే చేయి ముందుకు పోయి మట్టిలో వేలు పెట్టింది. మట్టి పొడిపొడిగా ఉంది. లోపల గడ్డ గట్టిగా, చల్లగా తగిలింది.

అత్త మెల్లగా గోడ పట్టుకుని వచ్చింది. నీళ్లు పోయనప్పుడు ఈ చెంబు ఎందుకని అడిగాను.

"నిద్రపోతాంది అంటివి కదా," అంది. "నిద్రపోయేటోళ్ల తలకాడ సెంబు పెట్టకుండా ఎట్ల? నడుమ దప్పికయి లేస్తే యాడ ఎతుక్కుంటాది? పొయ్యద్దంటివి, పొయ్యలేదు. ఈడ పెట్టినా, అంతే."

కొళాయి వచ్చిన ప్రతిసారీ కుంటుకుంటూ వచ్చి ఆ చెంబులో నీళ్లు మార్చేదని మా ఆయన చెప్పాడు. ఈసారి ఆయన కూడా వెక్కిరించలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. మా అత్తంటే నాకు ఇష్టమని ముందే తెలుసు. ఎంత ఇష్టమో ఆ కుండీ పక్కన చతికిలబడ్డప్పుడే తెలిసింది.

సాయంత్రం కొళాయి వచ్చింది. చెంబు తోమి, కొత్త నీళ్లు నేనే పట్టుకొచ్చాను. కుండీకి ఏ వైపు తలో తెలియక, అత్తను అడిగి అటువైపు పెట్టాను.