వాడుక కొట్టు

మా వైపు ప్రతి ఇంటికీ వాడుక చేపలావిడ ఒకావిడ ఉంటుంది. తట్టలు నెత్తిన పెట్టుకుని వీధిలోకి ఎంతమంది వచ్చినా, ఆ ఇంటివాళ్లు ఆవిడ దగ్గరే కొనాలి. ఆవిడ రాని రోజు జిహ్వ ఆగక ఇంకొకరి దగ్గర కొన్నారనుకోండి, దొంగసొత్తులా పెరటి దారిన లోపలికి పట్టుకుపోయి, పొలుసులు దూరంగా పారేసి, వాకిలి కడిగేసుకుంటారు. ఇంతవరకు నాకేం అభ్యంతరం లేదు. కానీ మా మేనమామ ఈ మర్యాదని కంప్యూటర్ ఆటలమ్మే కొట్లకి కూడా పట్టించాడు. దాంతో నేను పడ్డ చిరాకు ఇంతా అంతా కాదు.

మావ గరివిడి ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నాది చీపురుపల్లిలో ఆఫీసు ఉద్యోగం. బండి మీద వెళితే ఎంతోసేపు పట్టదు, అయినా మేం రోజూ సాయంత్రం కలుసుకునేది కంప్యూటర్లోనే. ఇద్దరు కలిసి వ్యవసాయం చేసే ఆట ఒకటుంది. సొంత ఎకరంన్నర కౌలుకిచ్చేసిన మనిషి, ఇందులో మాత్రం ట్రాక్టరు దిగడు. "ఒరే, ఆ మూల తడి ఆరనేదు, ఇయ్యాల దున్నకు" అని హెడ్‌ఫోన్లో నా చెవులు చిల్లులు పడేలా అరుస్తాడు. ఆ ఆటలో తడీ లేదు, ఆరడమూ లేదు. చెబితే వినడు. "నిజం పొలంలో ఒక్క రోజు కలుపు తీసినోడు కాదు" అని వంటింట్లోంచి అత్త అనడం కూడా నాకు వినబడుతూ ఉంటుంది.

ఆ ఆటని మేం మొదట ఒక కొట్లో కొన్నాం. కొట్టంటే గోడలూ గల్లాపెట్టే ఉండవు. ఇంటర్నెట్లో డబ్బు కడితే ఆట మన కంప్యూటర్లోకి దిగుతుంది, ఆడాలన్నప్పుడల్లా ఆ కొట్టు తెరిచి దాంట్లోంచే వెళ్లాలి. మన స్నేహితుల పేర్ల జాబితా కూడా అందులోనే ఉంటుంది. చాలా ఏళ్లు మాకు ఆ కొట్టే దిక్కు. తర్వాత దానికి పోటీగా ఇంకోటి వచ్చింది. వస్తూనే జనాన్ని లాక్కోవడానికి వారం వారం ఒక ఆట ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది. నేను సిగ్గూ ఎగ్గూ లేకుండా రెండు చేతులా తీసుకున్నాను. వాటిలో ఆడినవి మూడో నాలుగో, అంతే.

మావ ఒక్కటీ ముట్టుకోలేదు. "బోణీ సెయ్యకుండా కొసరు అడుగుతార్రా ఎవులైనా" అన్నాడు. ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, పోనీ ఆ కొట్టు ఎలా ఉంటుందో చూడమంటే, ముందు మొదటి కొట్టు మూసెయ్యమన్నాడు. "ఎందుకు మావా" అంటే, "అది సూస్తాది" అన్నాడు. నేను మూసేశాను. ఆయన తృప్తి కోసం కంప్యూటరు కూడా ఆపి మళ్లీ పెట్టాను.

ఇంతలో మా వ్యవసాయం ఆటకి రెండో భాగం వచ్చింది. వచ్చింది కానీ, రెండో కొట్టువాళ్లు ఆ ఆట తయారుచేసినవాళ్లతో ముందే మాట్లాడేసుకున్నారు, ఏడాదిపాటు వాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. "ఏడాది పోతే మనోల్ల కాడికీ వస్తాది, ఆగుదాం" అన్నాడు మావ. నాకు ఒళ్లు మండింది. ఏడాదంతా అదే పొలం, అదే మొక్కజొన్న. నేను ఆగలేదు, కొనేసుకుని అక్కడికి మారిపోయాను. జోడీగా బ్రెజిల్ నుంచి ఎవరో పెద్దమనిషి తగిలాడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకి రాదు. పంట పచ్చిగా ఉండగానే కోసేసి నవ్వే బొమ్మ పంపేవాడు. ఎవరూ తిట్టని పొలంలో నాకు బుర్ర పనిచెయ్యలేదు. మావ లేకపోతే ఆ ఆట నాకు ఆటలా లేదు, అదీ నిజం.

ఎలాగైనా ఆయన్ని తీసుకుపోవాలని ఒక ఆదివారం పొద్దున్నే గరివిడి వెళ్లాను. మావ వరండాలో కంప్యూటరు ముందే ఉన్నాడు. గంటసేపు బతిమాలాను. చివరికి విసుగొచ్చి, "పోనీ మీ కొట్టునే పర్మిషన్ అడుగుదామా" అన్నాను. అది వెటకారమని ఆయనకి అర్థం కాలేదు. ఆయన చెబుతుంటే, ఆ కొట్టు కస్టమర్ కేర్‌కి నేను టైపు చేశాను. అయ్యా, తమ దగ్గర దొరకని సరుకు ఒకటి పక్క కొట్లో ఉన్నది, ఆ ఒక్కటీ కొనుక్కుంటాము, అన్యథా భావించవద్దు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. మమ్మల్ని సంప్రదించినందుకు సంతోషం, మీ సమస్య పరిష్కారమైనది అని.

"ఒప్పుకున్నారు కదా మావా" అన్నాను.

"మనిషి సెప్పినాడేటి. మిషన్ మాటకి ఇలవేటి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వాడుక చేపలావిడ వచ్చి తట్ట దించింది. ఈ ధర్మశాస్త్రం అంతా మొదలైంది ఆవిడతోనే కాబట్టి తీర్పు కూడా ఆవిడనే అడిగాను. ఒక కొట్టుకి వాడుకైనవాళ్లు ఇంకో కొట్లో కొంటే తప్పా అని.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "నాను రాని మంగళారాలు మీ మావ ఎవుల కాడ కొంతాడో నాకు తెలీదేటి బాబూ" అంది. "ఆ పిల్లా నానూ ఒకే ఆటోలో వస్తాం. మీ మావకి వంజరం ఇచ్చీసినానని అదే సెప్తాది. నాను ఎప్పుడైనా అడిగినానా. నాను వొచ్చిన రోజు మల్లీ నా కాడికే వొచ్చినాడు. మానీనేదు కదా, అంతే సాలు."

ఇన్నేళ్లు వాకిలి కడిగించుకున్న మనిషి మొహం చూడాలి. వంటింట్లో అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. నేను గెలిచాననుకున్నాను. "ఇంకేటి మావా, పద" అన్నాను.

మావ చేపలావిడ వెళ్లేదాకా ఆగి, మొదటి కొట్టు తెరిచి, తెర నా వైపు తిప్పాడు. స్నేహితుల జాబితాలో ఒక్కటే పేరుంది, నాది. దాని కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, చివరిసారి కనబడి పదకొండు రోజులు అని ఉంది.

"కొట్టు గోల కాదురా" అన్నాడు. "రోజూ సాయంత్రం తెరిస్తే ఇదే సెప్తాది. నిన్న పది, ఇయ్యాల పదకొండు. ఆ కొట్లోకి నాను వొచ్చీసినాననుకో. రేపు మూడోది వొస్తే నువ్వు దాన్లోకి పోతావు. అప్పుడు అక్కడ కూకుని ఇదే సదూకోవాల."

నాకు చాలా సిగ్గేసింది. పదకొండు రోజులు ఆయన ఈ అంకె చూస్తూ కూర్చున్నాడు. నేను కొట్ల సంగతి వాదించుకుంటూ తిరిగాను. జేబులోంచి ఫోను తీసి, అందులో మొదటి కొట్టు తెరిచాను. మావ తెర మీద పదకొండు రోజులు చెరిగిపోయి, నా పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది.

పొద్దుటినుంచీ ఆయన మోచేతికి తగులుతూ కూర్చున్న నా వైపు చూడలేదు. ఆ చుక్కనే చూసి, "వొచ్చినావేటిరా" అన్నాడు మావ.