ఎడమ టైరు లోపలి అంచు

ఎదురుగా అందరూ ఆమెను టీచరుగారూ అని పిలిచేవాళ్లు. వెనక మాత్రం బ్రేకమ్మ అనేవాళ్లు. ఆ రెండో పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడినా కోపం తెచ్చుకోలేదు, లోలోపల అదే ఎక్కువ ముద్దుగా ఉండేది.

ఆమె డ్రైవింగ్ నేర్పుతుంది. ఆమె కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకు, పక్కసీట్లో ఆమె కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. ఊళ్లో సగం మంది స్తంభాలను, గోడలను, ఒకరినొకరు గుద్దుకోకుండా ఇల్లు చేరారంటే ఆ రెండో బ్రేకు చలవే. కాలు బ్రేకు మీద పడగానే ఆమె కుడిచెయ్యి తనంతట తానే లేచి స్టీరింగ్ కింది అంచును పట్టుకునేది. ఆమె పంపేది కాదు, అదే వెళ్లేది. నిద్రలో పక్కనున్న పిల్లల మీద దుప్పటి సర్దే చెయ్యి ఎలా వెళుతుందో అలాగ.

ఈమధ్య ఆ చెయ్యి మాట వినడం మానేసింది.

బ్రేకు వేసిన ప్రతిసారీ కారు ఎడమకు ఒరుగుతోంది. చెయ్యి స్టీరింగ్‌ని పట్టుకునే ఉంటుంది, కారు మాత్రం ఎవరో పిలిచినట్టు ఎడమకే పోతుంది. ఒకరోజు లైబ్రేరియన్ గారి పాఠంలో ముందు చక్రం రోడ్డు పక్క గట్టును గీసుకుంది. ఆ లైబ్రేరియన్ రిటైరయ్యాక కారు నేర్చుకోవాలని పట్టుపట్టి వచ్చినావిడ. హారన్ కూడా పక్కన ఎవరో చదువుకుంటున్నట్టు మెల్లగా నొక్కేది. గట్టును తాకగానే అద్దం దించి గట్టుకే "సారీ" అంది. టీచరమ్మ నవ్వింది గానీ ఆ నవ్వు గొంతు దాటి రాలేదు.

టీచరమ్మ వాళ్లమ్మకు కూడా ఈ వయసులోనే, ముందు కుడిచెయ్యే మొరాయించింది. మొదట గ్లాసు జారింది. తర్వాత దువ్వెన జారింది. ఆ తర్వాత ఒక్కొక్కటే అన్నీ చేజారాయి. ఆ భయం టీచరమ్మ ఎవరితోనూ అనలేదు. వంటింట్లో ఎవరూ లేనప్పుడు గ్లాసు నిండా నీళ్లు పోసి, చెయ్యి చాచి పట్టుకుని నిలబడేది. నీళ్ల పైన కిటికీ వెలుతురు చిన్న నాణెంలా తేలుతుండేది. అది కదిలిందా, లేదా? ఒకసారి కదిలినట్టుండేది, ఒకసారి గాలేమో అనిపించేది. చూసి చూసి నీళ్లు తొట్టిలో పారబోసి, ఏమీ ఎరగనట్టు బియ్యం కడిగేది.

డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళితే ఏదో ఒక మాట చెబుతారు. ఆ మాట విన్నాక పక్కసీట్లో కూర్చోకూడదు. అవతలి మనిషి ప్రాణాన్ని పట్టుకోవాల్సిన చెయ్యి అది.

ముందు గదిలో ఆమె భర్త కుట్టుమిషను తొక్కుతుంటాడు. ఆయన దర్జీ. లోకాన్ని జతలు జతలుగా చూడటం ఆయనకు అలవాటు. చొక్కాకు రెండు చేతులు, ప్యాంటుకు రెండు కాళ్లు, ఒకటి ఇంకోదానితో తూగకపోతే ఆయనకు ముద్ద దిగదు. కారు కడిగే పని ఆయనదే. మాట తక్కువ మనిషి. మిషను చప్పుడే ఆయన మాట అని ఇంట్లో ఒక జోకు.

టైర్ల లోపలి అంచులు అరిగిపోతున్నాయని ఆమె కనిపెట్టినప్పుడు నిజానికి కాస్త ఆశ పుట్టింది. తప్పు కారుదేమో! చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే అలైన్‌మెంట్ షెడ్డుకు తీసుకెళ్లింది. షెడ్డు నడిపే గుండన్న ముందు చక్రాలకు అద్దాలలాంటి పలకలు బిగించి, స్క్రీను చూసి, కింద ఏదో తిప్పి సరిచేశాడు. కొన్నాళ్లకు మళ్లీ అరిగాయి. మళ్లీ సరిచేశాడు. మళ్లీ అరిగాయి, కారు మళ్లీ ఒరిగింది.

మూడోసారి వెళ్లేటప్పుడు ఆమె మనసులో ఒక నిర్ణయం చేసుకుంది. ఈరోజు కారులో తప్పేమీ లేదంటే ఇక తాళాలు పక్కన పెట్టేస్తుంది. సాయంత్రం లైబ్రేరియన్ గారికి ఫోన్ చేసి వేరే స్కూలు చూసుకోమంటుంది. ఆరోజు భర్త కూడా వెంట వచ్చాడు, దారిలో ఎవరికో ప్యాంట్లు ఇవ్వాలంటూ. ఇచ్చేశాక దిగి వెళ్లిపోకుండా వెనకసీట్లోనే ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

షెడ్డులో రబ్బరు వాసన, తడిసిన సిమెంటు వాసన కలిసిపోయి ఉన్నాయి. స్క్రీను మీద అంకెలు ఒక్కొక్కటే పచ్చగా మారాయి.

"చూడక్కా, అంతా పచ్చే," అన్నాడు గుండన్న. "మా ఇంట్లో పెళ్లయిన కొత్తలో కూడా ఇంత పచ్చగా లేదు."

"మరి టైర్లెందుకు అరుగుతున్నాయి తమ్ముడూ?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. ఒకటే అరిగితే ఆ పక్కేదో పోయిందనుకోవచ్చు. నీవి రెండూ చూడు, టేపు పెట్టి కొలిచినట్టు ఒకేలా లోపలే అరిగాయి. రెండూ ఒకేలా అరిగితే అలైన్‌మెంట్ తేడా అనే అర్థం. అది సరిగ్గా ఉంది. ఇక మిగిలింది..." తలెత్తకుండా చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నడిపే చేతులే కదక్కా. నేర్చుకునేవాళ్లు స్టీరింగ్‌ని పిండి రుబ్బినట్టు తిప్పుతారాయె."

చివరి మాట ఆమె నొచ్చుకోకుండా అతికించాడు. అది ఆమెకు అర్థమైంది. నడిపే చేతులే. ఆమె కుడిచేతిని కొంగు కిందికి లాక్కుంది.

కారు వెనక తలుపు తెరుచుకుంది. దర్జీ దిగాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అవి ఒకేలా అరగలేదు. నేనే ఒకేలా చేశాను."

"ఏంటి బావా, మధ్యాహ్నాలు కూర్చుని టైర్లు కొరుకుతున్నావా?" అన్నాడు గుండన్న.

ఆయన నవ్వలేదు. "అరిగేది ఎడమదొక్కటే. తను పడుకున్నప్పుడు జాకీ పెట్టి ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చేవాణ్ణి. మళ్లీ కొన్నాళ్లకి అటుది ఇటు. చొక్కాకి ఒక చెయ్యి పొట్టయితే చూడగానే తెలిసిపోతుంది కదా. రెండూ సమానం చేస్తే తెలీదు."

"ఎవరికి తెలీకూడదని?" అంది ఆమె.

"నీకే."

షెడ్డు రేకుల మీద ఏదో పక్షి నడుస్తున్న చప్పుడు.

"ఎడమ పక్క గట్లకి రాసుకుంటున్నావేమో అనుకున్నా," అన్నాడాయన, సంచి అంచును వేళ్లతో మడతపెడుతూ. "వంటింట్లో గ్లాసు పట్టుకుని నిలబడతావు చూడు... అది చూశాను. ఆ పైన అరిగిన టైరు కూడా చూస్తే నువ్వు దిగులుపడతావని..."

"చూసి ఒక్క మాటైనా అడగలేదేంటండీ?"

"నువ్వు చెప్పలేదుగా."

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ సగం దారిలోనే ఆగిపోయి, ఇంకేదో అయి కళ్లలోకి చేరింది.

గుండన్న చేత్తో గుండు చరుచుకున్నాడు. "వేలిముద్రలు తుడిచేసి దొంగని పట్టుకోమన్నావు కదా బావా! ఇన్నాళ్లూ నీ కుట్టుపని చూసి నేను అలైన్‌మెంట్ చేస్తున్నా!"

ఆమె అప్పటికే వేరే ఆలోచనలో పడింది. ఎడమది ఒక్కటే. మామూలుగా పోతున్నప్పుడు కారు తిన్నగానే పోతుంది. బ్రేకు వేస్తేనే ఒరుగుతుంది. తన కారులో రోజంతా పడేది బ్రేకులే. ఈ షెడ్డులో మాత్రం కారు ఎప్పుడూ నిలబడే ఉంటుంది.

"తమ్ముడూ, నిలబెట్టి చూస్తే పచ్చగానే ఉంటుంది. బ్రేకు పడ్డప్పుడు చక్రం ఏం చేస్తుందో చూశావా?"

గుండన్న పలకలు విప్పేసి, కారును నేల మీదికి దింపాడు. ఎడమ ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని టార్చి వేశాడు. ఆమె తన పక్కసీట్లో కూర్చుంది. ఇంజను ఆపేసి ఉంది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది.

"బావా, చేసిన పాపానికి వెనకనుంచి తొయ్యి."

దర్జీ చొక్కా చేతులు పైకి మడిచి, కారు వెనక రెండు అరచేతులూ ఆనించి తోశాడు. కారు నిద్రలోంచి లేచినట్టు నెమ్మదిగా కదిలింది. ఆమె బ్రేకు నొక్కింది.

టక్.

"ఆగు! మళ్లీ."

ఆయన తోశాడు. ఆమె ఆపింది. టక్. ఈసారి ఆ చప్పుడు ఆమెకు పాదం కింద కూడా తగిలింది. ఇన్నాళ్లూ లైబ్రేరియన్ గారి గుసగుసల్లో, రోడ్డు రొదలో వినబడని చప్పుడు.

"దొరికింది!" గుండన్న అరిచాడు. "బ్రేకు పడగానే చక్రం బొటనవేలి మందం వెనక్కి జరుగుతోంది. జరిగి బయటికి తిరుగుతోంది. కారు ఒరగక ఏం చేస్తుంది? లోపలి అంచు అరగక ఏం చేస్తుంది?"

కుడి పక్కన చూశారు. అక్కడ చప్పుడు లేదు, కదలిక లేదు. ఎడమ చక్రాన్ని పైకి లేపి గునపంతో కింద ఒత్తి చూపించాడు. చక్రాన్ని కారుకు పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటి ఉంటుంది, లోయర్ ఆర్మ్ అంటారు. దాని వెనక చివర ఉండే రబ్బరు తొడుగు, బుష్ అనేది, ఇనుమును వదిలేసి నోరు తెరుచుకుని ఉంది.

దర్జీ కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "కుట్టు ఊడింది," అన్నాడు.

"అక్కా, ఇలా రా. చెయ్యి పెట్టి చూడు. లోపల్నుంచి బయటికి నిమురు."

ఆమె కుడిచెయ్యి టైరు మీద పెట్టింది. లోపలి నుంచి బయటికి, నునుపు.

"ఇప్పుడు బయట్నుంచి లోపలికి."

అరచేతికి సన్నటి రంపం తగిలింది. కంటికి కనబడనంత సన్నటి పళ్లు, వరసగా. మళ్లీ నిమిరింది. నునుపు. రంపం. ఒక్కొక్క పన్నూ విడివిడిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కూడా తెలుస్తోంది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది," అంది. ఆ ఒక్క మాటా చాలా దూరం నుంచి వచ్చినట్టుంది. ఆగకుండా అలా నిమురుతూనే ఉంటే గుండన్న, "చాల్లే అక్కా, ఉన్న కాస్తా అరగదీస్తావు," అన్నాడు. అప్పుడు నవ్వింది. ఆ నవ్వుకు రేకుల మీది పక్షి ఎగిరిపోయింది.

జత కాబట్టి రెండు పక్కలా కొత్త ఆర్ములే వేశాడు. బోల్టులు మాత్రం వెంటనే బిగించలేదు. కారు బరువు చక్రాల మీదికి దిగాకే బిగించాలట. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందట. ఒంటి మీద వేసి చూశాకే చివరి కుట్టు వేసినట్టు అని దర్జీ ఒప్పుకున్నాడు. కొత్త టైర్లు ఎక్కాయి. స్క్రీను మళ్లీ పచ్చబడింది. ఈసారి ఆ పచ్చదనాన్ని చూసి ఆమె భయపడలేదు.

సాయంత్రం పాఠం ఆగలేదు. లైబ్రేరియన్ గారు యథాప్రకారం అద్దాలన్నీ రెండేసిసార్లు సర్దుకుని బయల్దేరింది. చెట్ల నీడలు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి, ఒక్కొక్కటీ దాటుతుంటే కారులో వెలుగు, చీకటి, వెలుగు. మలుపు దగ్గర ఎక్కణ్ణుంచో ఒక బంతి దొర్లుకుంటూ వచ్చింది. టీచరమ్మ కాలు బ్రేకు మీద పడింది. కుడిచెయ్యి లేచి స్టీరింగ్ దాకా వెళ్లింది.

పట్టుకోవడానికి అక్కడ పనేమీ లేదు. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే, గాల్లోనే ఉండి, మెల్లగా ఒళ్లోకి వచ్చి పడుకుంది.

"బ్రేకు మీరు వేశారా, నేను వేశానా?" లైబ్రేరియన్ గారు గుసగుసగా అడిగింది.

"ఇద్దరం వేశాం."

"గట్టుకి తగల్లేదు కదా?"

"తగల్లేదు. ఇవాళ ఎవరికీ సారీ చెప్పక్కర్లేదు."

ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో మిషను నడుస్తోంది. ఆమె వంటింట్లోకి వెళ్లి, గ్లాసు అంచుదాకా నీళ్లు నింపి, కుడిచేత్తో పట్టుకుని గడప దాటి వచ్చింది. ఆయన కాళ్లు ఆగాయి. చూపు ముందు గ్లాసు మీదికి, తర్వాత ఆమె ముఖం మీదికి వెళ్లింది.

"అయినా ఒకసారి డాక్టరుకి చూపిద్దామా?"

"చూపిద్దాం. మీ కళ్లు కూడా చూపిద్దాం. టైరు మార్చేటప్పుడు అంత పెద్ద చిరుగు కనబడలేదు మీకు."

ఆయన తలవంచుకుని గ్లాసు వైపే చూస్తున్నాడు.

"తాగండి," అంది. "పరీక్ష కాదు, నీళ్లే."